నేతిబీరకాయ వంటలు

పండగలు దగ్గరపడుతున్నాయంటే చాలు, పత్రికల్లోనూ టీవీల్లోనూ ఫోనుల్లోనూ వంటల జాతర మొదలవుతుంది. మామూలు వంటలతో నాకేం పేచీ లేదు. అరిసెలు ఎలా వండాలో అరవైసార్లు చెప్పినా అరవైఒకటోసారి చదవడానికి మనకి ఓపిక వుంటుంది. (పాకం ప్రతి ఏడూ ఏదో ఒక వంకన చెడుతూనే వుంటుంది కదా!) నా పేచీ అల్లా ఈమధ్య వాటి పక్కనే వచ్చి కూర్చుంటున్న "వీగన్ పండగ వంటల"తో. నెయ్యి లేని బొబ్బట్లు, పాలు లేని పరవాన్నం, పెరుగు లేని పెరుగావడలు. వీటిని నేను నాలుగేళ్ళుగా శ్రద్ధగా చదువుతున్నాను. చదవడమే కాదు, వండుతున్నాను. వండి, మా ఇంటిల్లిపాదీ తింటుంటే ఎదురుగా కూర్చుని వాళ్ళ మొహాలు చూస్తున్నాను. నవలని విమర్శించాలంటే చివరిదాకా చదవాలంటారు. వంటని విమర్శించడానికి ఈ మాత్రం అర్హత చాలనుకుంటాను.

వీగన్ అనే మాట పుట్టింది 1944లో, ఇంగ్లండులో. డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి పెట్టిన పేరు. మాంసం, చేప, గుడ్డు ముట్టకపోతే వెజిటేరియన్. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె కూడా ముట్టకపోతే వీగన్. బెంగుళూరులో చదువుకుంటున్న మా పెద్దమ్మాయి ఒకనాడు ఫోన్ చేసి తను వీగన్ అయిపోయానని చెప్పింది. ఫోను స్పీకర్‌లో వుంది. మా అత్తగారికి కొంచెం చెముడు.

"వేగనంటోందా? ఎవరితో వేగదుట? హాస్టల్లో పిల్లలతోనా?" అన్నారు కంగారుగా.

విషయం అర్థమయ్యాక, "ఓసి దీనికేనా" అని నవ్వేశారు. పండక్కి వచ్చి నేతి వాసన చూస్తే అదే మానుతుందన్నారు. మా చినమామగారు మాత్రం "వీగన్ అంటే విర్రవీగడమేనా?" అని అడిగి, ఆ ఛలోక్తిని ఇప్పటికి ఓ యాభైసార్లు చెప్పుంటారు.

అప్పుడు మొదలైంది నా వీగన్ వంటల అధ్యయనం. వాటన్నిటికీ సూత్రం ఒకటే. పాలు అని వున్నచోట బాదంపాలు అని రాయండి. పెరుగు అని వున్నచోట జీడిపప్పు పెరుగు. నెయ్యి అని వున్నచోట కొబ్బరినూనె. మిగతాదంతా యథాతథం. ఆఖర్న ఒక వాక్యం తప్పకుండా వుంటుంది: మీవాళ్ళు తేడా కనిపెట్టనే లేరు!

ఎవరండీ కనిపెట్టలేనిది? అరవైఏళ్ళుగా వెన్న కాచిన ముక్కు మా అత్తగారిది. నేతిగిన్నె మూత తియ్యకుండానే అందులో వున్నది ఆవునెయ్యో గేదెనెయ్యో చెప్పగలరు. ఆవిడ ముందు కొబ్బరినూనెతో కాల్చిన బొబ్బట్టు పెడితే ఏమన్నారో తెలుసా? "ఇది తలకి రాసుకోవాలా, నోట్లో వేసుకోవాలా?" అని. మలయాళీ సోదరీమణులు నన్ను క్షమించాలి. వాళ్ళకది కమ్మని వంటనూనె. మనకి చిన్నప్పట్నించీ జడతో ముడిపడిపోయిన వాసన. ఈ వంటలు రాసేవాళ్ళు ఏ దేశంలోనో రాసినదాన్ని తెలుగులోకి దించేటప్పుడు ఆ జడ సంగతి మర్చిపోతారు.

కొబ్బరినూనెతో సున్నుండలు కూడా చేశాను. తెల్లవారుజామున చలిలో చక్కగా ముద్దకట్టాయి. నాకు నేనే శభాష్ అనుకున్నాను. కొబ్బరినూనె ఇరవైనాలుగు డిగ్రీల దగ్గర కరుగుతుంది. సంక్రాంతి మధ్యాహ్నం మా వూళ్ళో అంతకన్నా వేడిగానే వుంటుంది. భోజనాలవేళకి పళ్ళెంలో ఉండల్లేవు, సున్నిపిండి చుట్టూ నూనె. మా ఆడపడుచు చెంచా తెచ్చుకుని మర్యాదగా తింది. పాపం, ఆవిడది మంచి మనసు.

పెరుగావడల సంగతి. వేరుశెనగ పప్పులు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, ఆ పాలని కాచి, గోరువెచ్చగా వున్నప్పుడు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి వుంచితే మర్నాటికి తోడుకుంటుంది. నిజంగానే తోడుకుంటుంది, నేనేమీ అతిశయోక్తి చెప్పడం లేదు. ఆ తొడిమలకి తోడువేసే గుణం వుంది. కానీ అది వేరుశెనగ వాసన వేసే పులుపు. విడిగా చూస్తే తప్పులేని పదార్థమే. అల్లం, కొత్తిమీర కలిపి చట్నీ అని పెడితే పళ్ళెం నాకేవాళ్ళు. దాన్ని పెరుగు అని పెట్టాను కాబట్టి అందరూ ఒక ముద్ద తిని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అసలు తప్పు వంటలో లేదు, పేరులో వుంది. నేతిబీరకాయలో నెయ్యెంత వుంటుందో మనందరికీ తెలుసు. ఆ కాయ మీద ఎవరికీ కోపం లేదు, పచ్చడి చేసుకుని తింటూనే వున్నాం. కానీ ఎవరైనా ఆ కాయని పిండి నెయ్యి తీస్తానంటే నవ్వుతామా లేదా? ఆ మాటకొస్తే ప్రభుత్వం వారికీ పేర్ల దగ్గరే చిక్కొచ్చింది. బాదంపప్పుతోనూ సోయాతోనూ చేసిన పానీయాలకి "పాలు" అని పేరు పెట్టి అమ్మడానికి వీల్లేదని ఆహార భద్రతా సంస్థ 2021లో ఆన్‌లైన్ అంగళ్ళకి ఆదేశాలిచ్చింది. కొబ్బరిపాలలాంటి పాతకాలపు పేర్లకి మాత్రం అడ్డు చెప్పలేదు. అదీ న్యాయమే. కొబ్బరిపాలు అంటే అందులో ఆవు వుందని ఎవరూ భ్రమపడరు.

ఆ కొబ్బరిపాల పరవాన్నమే నాలుగేళ్ళలో నాకు దక్కిన విజయం. పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. కొబ్బరి తురిమి మొదట తీసిన చిక్కటిపాలు పక్కన పెట్టుకోవాలి. మళ్ళీ నీళ్ళుపోసి రెండోసారి, మూడోసారి తీసిన పలచటిపాలలో బియ్యం మెత్తగా ఉడకనిచ్చి, బెల్లం వేసి, అది కలిసిపోయాక దించేసి, అప్పుడు చిక్కటిపాలు పొయ్యాలి. పొయ్యిమీదే పోసి మరిగిస్తే విరిగినట్టు నూనె తేలుతుంది. మామూలు పరవాన్నంలో బెల్లం వేడిమీద వేస్తే పాలెక్కడ విరుగుతాయోనని మనం పడే హడలు ఇందులో లేదు. దీన్ని నేను పాలు లేని పరవాన్నం అనలేదు. కొబ్బరిపాల పరవాన్నం అన్నాను. మా చినమామగారు రెండుసార్లు వడ్డించుకున్నారు. ఏమీ లేదని చెప్పి పెట్టినదాన్ని అనుమానంగా నమిలే మనిషి, ఏదో వుందని చెప్పి పెడితే ఆనందంగా తింటాడు.

పూతరేకుల జోలికి మాత్రం పోకండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కాలే కుండమీద పరిచి తీసిన ఆ రేకుకి ప్రాణం పోసేది నెయ్యే. నెయ్యి లేకపోతే అది తీపి చల్లిన కాగితం. నూనె రాసిన పూతరేకు గురించి ఎవరో చాలా ఉత్సాహంగా చెప్పగా విన్నాను. చేశాను కూడా. దాన్ని గురించి ఇంతకన్నా రాయను. కొన్ని వంటల్ని మార్చకూడదు, వదిలెయ్యాలి.

వదిలేస్తే ఇంకేం మిగులుతుందని మీరడగొచ్చు. చేతిలో వెన్న పెట్టుకుని నేతికోసం వూరంతా వెతికినట్టు (చూశారా, మన సామెతలు కూడా వీగన్ కావు!) ఈ రచయితలంతా బాదంపాలకోసం వెతుకుతారు గానీ మన పండగ పళ్ళెంవైపు ఒక్కసారి తేరిపార చూడరు. పులిహోరలో పాలెక్కడున్నాయి? ఉగాది పచ్చడిలో? తెలంగాణాలో సంక్రాంతికి ముగ్గేసినంత శ్రద్ధగా చుట్టే సకినాలు బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె తప్ప మరేమిటి? సజ్జప్పాలు, నువ్వులుండలు, చిమ్మిలి, పాకంగారెలు, గుమ్మడికాయ దప్పళం, కందిపచ్చడి. పూర్ణంబూరె సైతం నూనెలోనే వేగుతుంది. దానికి చిల్లుపెట్టి నెయ్యి పోసుకోవడం మన సరదా. బొబ్బట్టుకి కూడా పిండి గంటలకొద్దీ నానేది నూనెలోనే. కాల్చడం కూడా గానుగ పప్పునూనెతో కాలిస్తే నేతి బొబ్బట్టు కాదు గానీ, కమ్మని నువ్వుల వాసనతో ఇంకో రకం బొబ్బట్టు అవుతుంది. కనుమనాడు మినుము తినాలని పెద్దలన్నారు. ఆ మినప్పప్పు నానబెట్టి రుబ్బి వేసిన గారెలో ఏ జంతువు పాలూ లేవు. పశువులకి పసుపు రాసి, కొమ్ములకి రంగులేసి దండం పెట్టే పండగనాడు ఆ పశువుల్ని ఏమీ అడగని వంట ఒకటి వుందన్నమాట. ఇది నాకు ముందు తోచలేదు, మా అమ్మాయి చెప్పింది.

ఇంతవరకూ వంటల సంగతి. ఈ వంటల పేజీల్లో ఎక్కడా కనపడని సంగతి ఇంకొకటి వుంది. అది రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. రాయాలా వద్దా అని నాలుగురోజులు తటపటాయించాను కూడా.

మొదటి సంక్రాంతికి మా అమ్మాయి వస్తోందని అరిసెలు నూనెలోనే వండుదామన్నాను. అత్తగారు సరే అన్నారు. మామూలుగా పాకంలో పిండి కలిపేముందు రెండు చెంచాల నెయ్యి వేస్తాం, చలిమిడి మృదువుగా వస్తుందని. ఆ రోజు నేను పిండి జల్లిస్తున్నాను. అత్తగారు పాకం దగ్గర వున్నారు. నేను తలెత్తేసరికి ఆవిడ చెయ్యి నేతిగిన్నె మీంచి పాకం మీదకి వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

మా అమ్మాయి నాలుగు అరిసెలు తింది. "చూశావా నానమ్మా, నెయ్యి వెయ్యకపోయినా ఎంత బావున్నాయో!" అంది. అత్తగారు ముసిముసిగా నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తల్చుకుంటే నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

నాలుగు నెలల తర్వాత మా అబ్బాయి, వాళ్ళక్కతో ఫోనులో ఏదో పోట్లాడుతూ నోరుజారాడు. అది నాకు ఫోను చేసి ఒకటే ప్రశ్న అడిగింది. "నీకు తెలుసా అమ్మా?" అబద్ధం చెప్పొచ్చు. నవలలు రాసుకునేదాన్ని, నాకది కష్టమేమీ కాదు. తెలుసని చెప్పాను. "సరే" అని పెట్టేసింది. రెండో సంక్రాంతికి అది ఇంటికొచ్చినప్పుడు బెంగుళూరునించి స్టీలుడబ్బాలో తన తిండి తను తెచ్చుకుంది. పండగనాడు అందరి ముందూ అరిటాకులు, దాని ముందు డబ్బా. మా అత్తగారు ఆ పూట భోజనం సగంలో లేచిపోయారు.

రెండు చెంచాల నేతితో ఏమవుతుందని మీరనుకోవచ్చు. చాలామంది అలాగే అన్నారు. మా ఆడపడుచు, ఇరుగుపొరుగు, చివరికి మా వారు కూడా. "విషమా ఏమన్నానా? బలానికి మంచిదేగా!" అన్నారు. నేను అప్పుడు వాళ్ళని ఒక్క మాట అడిగాను. అత్తగారు కాశీ వెళ్ళినప్పుడు పనసపండు వదిలేశారు. చాలామంది కాశీలో తమకి ఇష్టంలేని కాకరకాయో వంకాయో వదిలేసి పుణ్యం కొట్టేస్తారు గానీ, ఈవిడ ప్రాణంగా తినే పనసతొనలే వదిలేశారు. ఇరవైఏళ్ళయింది. వేసవిలో పనస కోసిన కత్తి కడగందే ఆవిడ కూరలు తరగరు. ఆవిడకి తెలియకుండా పాయసంలో ఒక తొన రుబ్బి వేసి, "తేడా కనిపెట్టనే లేదు" అని మనం ఎప్పుడన్నా సంబరపడ్డామా? అలా చెయ్యాలన్న ఊహకే కళ్ళుపోతాయని లెంపలేసుకుంటాం.

మాధ్వుల ఇళ్ళల్లో చాతుర్మాస్యం చేసేవాళ్ళని చూశారా? నాలుగు నెలల దీక్ష. మొదటి నెల కూరలు మానతారు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుదినుసులు. పెరుగు మానిన ఇల్లాలిని "మరి బలం ఎక్కణ్ణించి వస్తుంది?" అని ఎవరూ అడగరు. మా అమ్మాయిని అడగని చుట్టం లేడు. దేవుడికోసం వదిలితే నియమం, దూడకోసం వదిలితే పెంకితనం. మనకి తెలియని కొత్త సంగతేమీ కాదిది, తెలిసిన సంగతికి కొత్త కారణం. ఆ కారణమే మనకి మింగుడుపడదు. దానికి తోడు ఈ వంటల పుస్తకాలవాళ్ళొచ్చి, "అచ్చం అదే రుచి, ఏమీ వదులుకోనక్కర్లేదు" అంటారు. ఏమీ వదులుకోకపోతే అది నియమం ఎలా అవుతుంది? అదే రుచి కావాలని తహతహలాడుతున్న పిల్ల చాటుగా రెండు చెంచాల నెయ్యి తిన్నా తప్పులేదనే కదా మనకి అర్థమయ్యేది? నా తప్పుని వాళ్ళమీదకి నెట్టడం లేదు. కానీ ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ నేతిగిన్నె కనిపిస్తుంది.

పిల్లలవైపు కూడా తప్పులేకపోలేదు. మా అమ్మాయి ఆ రెండో సంక్రాంతినాడే, పెద్దవాళ్ళు పెరుగన్నం కలుపుకుంటుంటే పాడిపరిశ్రమ మీద ఉపన్యాసం మొదలెట్టింది. తినేవాళ్ళముందు చెప్పాల్సిన మాటలా అవి? మా వీధిలో పాలుపోసే మనిషి రెండు గేదెలమీద ఇద్దరు ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు చేసింది. 1970లో క్షీరవిప్లవం మొదలైన దగ్గర్నించీ ఇలా పాలకేంద్రం చీటీలమీద కాపురాలు నిలబెట్టుకున్న ఆడవాళ్ళు ప్రతి వూళ్ళోనూ వున్నారు. ఆ మాట నేనంటే అది కాసేపు మాట్లాడలేదు.

మాట్లాడకుండా వుండిపోయింది అదొక్కతే కాదు. నాకు మా అమ్మమ్మగారి పెరడు గుర్తొచ్చింది. ఒకసారి గేదెకి దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు. పాలేరు ఆ దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి, కుట్టి, గేదె ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని నాకుతూ పాలిచ్చింది. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్ళు. దొడ్డిగుమ్మంలో నిలబడి చూశాను. వేడిగా వున్న ఆ పాలు గ్లాసులో పోసి ఇస్తే తాగాను కూడా. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. మా అమ్మాయికి ఆ రాత్రే చెప్పాను. నేను వీగన్‌ని కాలేదు, కాఫీలో పాలు లేకపోతే నాకు తెల్లవారదు. కానీ దాని స్టీలుడబ్బా వంక ఆ తర్వాత మరోలా చూశాను.

మూడో సంక్రాంతికి ముందే అత్తగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, దానిది వ్రతంలాంటిదేనంటావా?" అని అడిగారు. అవునన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నారు. మీ పనసపండులాగేనన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు అటకమీంచి చిన్న ఇత్తడి మూకుడు, రాచ్చిప్ప దింపించి చింతపండుతో తోమించారు. అవి దానికి విడిగా అన్నారు. వేరే గిన్నె, వేరే గరిటె, ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవడం. మడి కట్టుకున్న చేతికి ఈ లెక్కలు ఒకరు నేర్పాలా? నేను నాలుగేళ్ళనించీ చదివిన వంటలన్నిట్లో ఎవరికీ తట్టని ఉపాయం అది. చినమామగారు మళ్ళీ విర్రవీగడం మొదలెట్టబోతే, "దానికి నియమం వుంది, ఊరుకో" అన్నారు. ఆయన ఊరుకున్నారు.

మొన్న కనుమనాడు దొడ్లో పాదు కింద వెతికి రెండు లేత నేతిబీరకాయలు కోసుకొచ్చారు. "నీకు పనికొస్తాయే, ఇందులో పేరే గానీ నెయ్యి లేదు" అని మనవరాలి ముందు పెట్టారు. అది పడీపడీ నవ్వింది. రాచ్చిప్పలో పచ్చడి కలిపి ఆవిడే తాలింపు వేశారు, పప్పునూనెతో. ఈసారి నేను పక్కనే నిలబడి చూశాను.